మా పెరట్లో మాంచెస్టర్

నా చిన్నప్పుడు మా పెరట్లో కొన్నాళ్ళపాటు మాంచెస్టర్ వెలసింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. విశాఖలో పూర్ణా మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండే మా పాత ఇంట్లో, వంటింటి వెనక వసారాలో, మా పెదనాన్న దాన్ని స్వహస్తాలతో నెలకొల్పాడు. పొగగొట్టం ఒక్కటే తక్కువ. బుద్ధులు మాత్రం అన్నీ వచ్చేశాయి.

మాది గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. పెదనాన్న పోర్టులో ఒక షెడ్డు మీద సూపర్‌వైజరు. మనిషి చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాణ్ణయితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు, తాను తెలివైనవాణ్ణని నమ్మేసినవాడితో వేగడం బ్రహ్మతరం కాదు. లైబ్రరీ నుంచి ఇంగ్లండు మిల్లుల గురించి లావుపాటి పుస్తకాలు తెచ్చుకుని, పడక్కుర్చీలో కూర్చుని, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివేవాడు. గోదావరి వంతెనా విశాఖ రేవూ తప్ప మూడో చోటు ఎరగని ఆ మహానుభావుడు నోరు విప్పితే 'లండన్లో అయితేనా' అని మొదలుపెట్టేవాడు. చారులో ఉప్పు తక్కువైనా ఇంగ్లండే గుర్తొచ్చేది ఆయనకి.

మా నాయనమ్మ ఆయన కన్నతల్లి. ఆవిడది వేరే లోకం. ఆవిడ చేతి మీద మా వసారాలో అప్పడాలు తయారయ్యేవి. వీధిలోని ఆడవాళ్ళు అరడజను మంది ఇంటి పని తెముల్చుకుని ఎవరి వీలునిబట్టి వాళ్ళు వచ్చేవారు. మినప్పిండి దంచడం, తాడులా సాగదీసి దారంతో ముక్కలు కోయడం, పీట మీద ఒత్తడం, డాబా మీద ఆరబెట్టడం, అన్నీ అందరికీ వచ్చు. ఎవరి చెయ్యి నొప్పెడితే వాళ్ళు పని మార్చుకునేవారు. నోళ్ళు ఊరుకునేవి కావు. ఊళ్ళో కబుర్లన్నీ ఆ పిండితోపాటే మెత్తగా నలిగేవి. అయిన అప్పడాలు మార్కెట్‌లో దుకాణాలకి వెళ్ళేవి, వచ్చినదాంట్లో ఎవరి వాటా వారిది.

ఆ ఆడవాళ్ళలో పక్కింటి అక్క ఉండేది. విజయనగరం వైపు పల్లె నుంచి కాపరానికి వచ్చింది. భర్త పోర్టులో కలాసీ. ఓడ వస్తే కూలి, రాకపోతే పస్తు. అందుకని ఆమెకి అప్పడాల పని కాలక్షేపం కాదు, పొయ్యి మీదకి ఎసరు. నెలల పిల్ల ఉండేది ఆమెకి. వసారా దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టి అందులో పడుకోబెట్టేది. దానికో తాడు కట్టి ఉండేది. ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు లాగేవారు, చెయ్యి ఖాళీ లేకపోతే కాలి బొటనవేలికి చుట్టుకుని ఊపేవారు. పిల్ల ఏడిస్తే అక్క చెయ్యి కడుక్కుని పాలిచ్చేది, ఈలోపు ఆమె పీట ముందు ఇంకొకరు కూర్చునేవారు. దీనికో పద్ధతి ఉందని కూడా ఎవరూ అనుకునేవారు కాదు.

ఇది చూసి ఓర్వలేకపోయాడు మా పెదనాన్న. ఎవరో క్యాంటీన్ పెద్దమనిషి కలిసి, సరుకు ఎక్కువగా ఇవ్వగలిగితే రోజూ మీ దగ్గరే కొంటానన్నాడట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఆ మాటతోనే పెదనాన్న మిల్లు యజమాని అయిపోయాడు. ఆదివారం అందర్నీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. ఇంగ్లండు ప్రపంచాన్ని ఏలిందంటే పని పంచుకోవడం వల్లనేనట. ఒకడు గుండుసూది తల చేస్తే ఇంకొకడు మొన చేసేవాడట. అంతకుముందు అక్కడ కూడా మీలాగే ఆడవాళ్ళు ఇంట్లో రాట్నం ముందు కూర్చుని, కాలితో ఉయ్యాల ఊపుకుంటూ నూలు వడికేవారట. ఆవిరి యంత్రం వచ్చి వాళ్ళని ఇళ్ళలోంచి బయటకి లాగి మిల్లులో కూర్చోబెట్టాకనే వాళ్ళు మనుషులయ్యారట. ఈ ఆఖరి మాట ఆయన సొంతం అనుకుంటాను.

మర్నాటి నుంచి మాంచెస్టర్ మొదలైంది. ఒకామె దంచడమే, ఒకామె కోయడమే, ముగ్గురు ఒత్తడమే, ఒకామె డాబా మీదకి మోసి ఆరెయ్యడమే. మార్చుకోవడం లేదు. మాట్లాడుకోవడం అసలు లేదు. పోర్టు షెడ్డు నుంచి తెచ్చిన ఈల ఒకటి మెళ్ళో వేసుకున్నాడు. అది ఊదితే కూర్చోవాలి, మళ్ళీ ఊదితే లేవాలి. పొద్దున్నే కర్ర పుచ్చుకుని వీధిలో తలుపులు కొట్టుకుంటూ వెళ్ళేవాడు, ఇంగ్లండులో కూలీలని అలాగే లేపేవారని. పక్క సందు వైపు కిటికీ మూయించాడు, చూపు పనిమీంచి జారకూడదని. పోర్టులో సెలవు పెట్టి మరీ చేశాడీ ఘనకార్యం. నాకూ ఉద్యోగం ఇచ్చాడు. అవి వేసవి సెలవులు. డాబా మీద గొడుగు వేసుకుని కూర్చుని కాకుల్ని తోలడం నా పని.

వసారాలో ఉన్న గోడ గడియారం సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు మంచినీళ్ళకి కిందికి దిగితే, పెదనాన్న స్టూలు ఎక్కి గడియారం ముల్లు వెనక్కి తిప్పుతున్నాడు. నన్ను చూసి, ఇది కాస్త ముందుకి పరిగెడుతోందే అన్నాడు. పెద్దయ్యాక నేను బళ్ళో సోషల్ చెప్పే టీచర్నయ్యాను. అప్పుడు చదివాను, ఇంగ్లండులో కొందరు మిల్లు దొరలు కూడా సరిగ్గా ఇదే పని చేసేవారని, కూలీల దగ్గర గడియారం కనబడితే లాక్కునేవారని. మా పెదనాన్న పుస్తకాల్లో ఆ ముక్క ఉండి ఉండదు. ఆయనకి తనంతట తానే తోచింది. దొంగబుద్ధికి చదువు అక్కర్లేదు, ఏ దేశంలోనైనా దానంతట అదే పుడుతుంది.

మాంచెస్టర్‌లో ఉయ్యాలకి చోటు లేకపోయింది. పని జరిగే చోట పిల్లలేమిటి అన్నాడు పెదనాన్న. ఆయనే దూలానికున్న ముడి విప్పి, చీర మడతపెట్టి అక్క చేతికిచ్చాడు, ఎంతో మర్యాదగా. ఆ రోజు నుంచి అక్క పిల్లని వాళ్ళ గదిలో పడుకోబెట్టి, వీధిలో పిల్లనెవర్నో కాపలా పెట్టి వచ్చేది. గోడ అవతల ఏడుపు వినబడేది. ఏడుపు వినగానే అక్క చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయేది, రవికె పాలతో తడిసిపోయేది. పైట సర్దుకుని మళ్ళీ ఒత్తేది. ఒకరోజు డాబా మీద చినుకులు పడుతున్నాయన్న వంక పెట్టి లేచి, అటునుంచి అటే గదికి పరిగెత్తి పాలిచ్చి వచ్చింది. పెదనాన్న పట్టుకున్నాడు. ఆరెయ్యడం నీ పని కాదు కదమ్మా, చినుకులతో నీకేం సంబంధం అన్నాడు. ఇకమీదట ఆరేసే ఆమె తప్ప ఈల వెయ్యందే ఎవరూ కూర్చున్న చోటు నుంచి కదలకూడదని, ఇంకొకరి పని ముట్టుకోకూడదని, ముట్టుకుంటే మర్నాడు రానక్కర్లేదని శాసనం చేశాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన ఇంగ్లండు తల్లుల్ని మెచ్చుకున్నాడు. నేనక్కడే పప్పన్నం తింటున్నాను.

"అక్కడ ఆడాళ్ళు ఎంత తెలివైనోళ్ళో తెలుసా అమ్మా? మిల్లుకెళ్ళే ముందు పిల్లల నోట్లో ఓ సిరప్పు పోసి వెళ్ళేవారట. అందులో కాస్త నల్లమందు ఉండేదిలే. సాయంత్రం దాకా కిక్కురుమనేవారు కారట."

నాయనమ్మ కలుపుతున్న ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"సాయంత్రం లేచేవారా?" అంది.

"లేచేవారు."

"అందరూనా?"

పెదనాన్న మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. "చాలామంది లేచేవారు," అన్నాడు.

ఆవిడ మరి తినలేదు. విస్తరి మడిచి లేచిపోయింది. 'చాలామంది' అన్న మాట అంత భయంకరంగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ సిరప్పు గురించి తరవాత చదివాను కూడా. అది నిజమే. తల్లులు చెడ్డవాళ్ళయి పోయలేదు. యంత్రం పక్కన పాలివ్వడానికి చోటు లేక, పనికి వెళ్ళకపోతే తిండి లేక పోశారు. ఆ సిరప్పు సీసా మీద ముద్దుగా పేర్లు పెట్టి దుకాణాల్లో అమ్ముకున్న పెద్దమనుషులున్నారు చూడండి, వాళ్ళకీ వాళ్ళని కన్న నాగరికతకీ ఒక దండం.

సాయంత్రం అక్క పెరటి గుమ్మం దగ్గరకి వచ్చి నిలబడింది. పెదనాన్న మాటలు గోడ దాటాయన్నమాట. ఆయన ఏది చెప్పినా వీధంతా వినాలనే చెబుతాడు కదా.

"మామ్మగోరూ, బాబుగోరు సెప్పిన మందు మా ఊళ్ళో కూడా ఏసీవోరు. ఎవరో తెచ్చిత్తానంతన్నారు. పిల్ల ఏడుపు ఇంటే సేతులాడతన్నేదు నాకు. పని పోతే మరేటి సెయ్యను? నానే పస్తుంటే పాలెక్కడినుంచొత్తాయి? ఎయ్యమంతారా, వద్దా?"

ఆమె ఏడవలేదు. బియ్యంలో ఎసరు ఎంత పొయ్యాలి అని అడిగినట్టే అడిగింది. నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"వద్దు. చుక్క కూడా వద్దు. ఒక్కరోజు ఓపిక పట్టు. రేపు ఆ క్యాంటీనాయన ఫ్యాక్టరీ చూడ్డానికొస్తున్నాడు. రేపు మాత్రం మా వాడు చెప్పింది చెప్పినట్టు చెయ్యండి అందరూ. పొల్లు పోకూడదు. మిగతా వాళ్ళకీ చెప్పు."

గుమ్మంలోంచి ఆకాశం వైపు ఓసారి చూసి, అంతే ఆవిడ చెప్పింది. నాకు నిరాశగా అనిపించింది. ఆవిడ కొడుకుని నాలుగు దులుపుతుందనుకున్నాను.

మర్నాడు క్యాంటీన్ ఆయన వచ్చాడు. పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసి, ఈల మెళ్ళో వేసుకుని, ఆయన్ని వసారాలో కుర్చీ మీద కూర్చోబెట్టాడు. తలుపులు మూసి ఉన్నాయి. ఆడవాళ్ళు తల ఎత్తకుండా ఎవరి పని వాళ్ళు చేస్తున్నారు. చూశారా క్రమశిక్షణ అంటున్నాడు పెదనాన్న. డాబా నిండా అప్పడాలు పరిచి ఉన్నాయి, ఆ క్యాంటీన్ కోసమే చేసిన సరుకంతా. నేను గొడుగు కింద కూర్చుని కాకుల్ని అదిలిస్తున్నాను.

అప్పుడు యారాడ కొండ మీద మబ్బు కూర్చుంది. మా ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ కొండ మీద నల్లగా మబ్బు కూర్చుందంటే వాన ఊళ్ళోకి వచ్చేసినట్టే. మామూలు రోజుల్లో అయితే పీట ముందున్న ఆమె నుంచి దంచే ఆమె దాకా అందరూ చీర చెంగులు దోపుకుని డాబా ఎక్కేసేవారు, కొండ వైపు చూసిందెవరో కూడా ఎవరూ అడిగేవారు కాదు. నేను కేక వెయ్యబోయాను. నాయనమ్మ మెట్ల మీదే కూర్చుని ఉంది. వేలు పెదాల మీద పెట్టుకుంది.

"నీ పనేంటే?" అంది మెల్లగా.

"కాకులు," అన్నాను.

"మబ్బు కాకి కాదు కదే," అంది.

నేను కూర్చుండిపోయాను. సముద్రం మీంచి గాలి లేచింది. అప్పడాల అంచులు కదిలాయి. మొదటి చినుకు నా చేతి మీద పడింది, లావుగా, వెచ్చగా. కింద పెదనాన్న గొంతు ఇంకా ఆవిరి యంత్రం దగ్గరే ఉంది. ఆరేసే ఆమె, పాపం, ఇంకో తట్ట అప్పడాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆ చినుకుల్లోనే, తడి చాప మీద, వాటిని ఒక్కొక్కటిగా పరిచింది. ఆరెయ్యడం ఆమె పని. పరిచాక ఖాళీ తట్ట పట్టుకుని దిగిపోయింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వాన దంచికొట్టింది. క్యాంటీన్ ఆయనే ముందు తేరుకుని, వాన పడుతున్నట్టుందండీ అన్నాడు. పెదనాన్న తలుపు తీసి చూసి గుండెలు బాదుకున్నాడు. తియ్యండి, తియ్యండి అని అరిచాడు. ఎవరూ లేవలేదు. ఎవరి పిండి వాళ్ళు, ఎవరి కర్ర వాళ్ళు. ఒకామె మాత్రం తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"ఈల ఏసినారా బాబూ?"

ఆయన ఈల నోట్లో పెట్టుకున్నాడు, ఊపిరి అందక అది పలకలేదు. పలికినా ఏమీ లాభం ఉండేది కాదు. వాన వస్తే ఎత్తడం ఎవరి పనో ఆయన ఎవరికీ చెప్పలేదు. అన్ని పనులూ పంచిన మేధావికి ఆకాశం వైపు చూడటం ఒక పని అని తట్టలేదు, ఎందుకంటే అది అప్పటిదాకా అందరూ చేసేవారు. చివరికి ఆయనే ఇస్త్రీ చొక్కాతో డాబా ఎక్కి, తడిసి ఒకదానికొకటి అంటుకుపోయిన అప్పడాల్ని రెండు చేతులతో పోగు చేశాడు. అవి ముద్దయిపోయి వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి. అంత వానలోనూ కాకి ఒక్కటైనా రాలేదు. నా ఉద్యోగం మాత్రం నిక్షేపంలా జరిగింది.

క్యాంటీన్ ఆయన వాన తగ్గకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. పెదనాన్న నీళ్ళు కారుతూ వచ్చి, కొడుకు పరువు తీశావమ్మా అన్నాడు. నాయనమ్మకి కోపం వచ్చింది. ఆవిడ కోపం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

"నీ మాట ఒక్కటి మీరామట్రా? ఎవరి పని వాళ్ళని చెయ్యమన్నావు, చేశారు. పిండి పోతే పోయింది, మళ్ళీ నానబోస్తాను. ఆ పిల్ల నిద్ర లేవకపోతే ఏం నానబోస్తావు? ఏ మిల్లులో చేయించుకొస్తావు? చాలామంది లేచేవారట! ఆ లేవని వాళ్ళు నీ పుస్తకంలో ఎన్నో పేజీలో ఉన్నార్రా?"

ఆయన చొక్కా అంచు పట్టుకుని నీళ్ళు పిండుకున్నాడు.  అప్పుడు అక్క లేచింది. ఈల కోసం చూడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"బాబుగోరూ, నానెల్లి నా బిడ్డని తెచ్చుకుంతన్నాను," అంది. అడగలేదు, చెప్పింది.

వానలోనే వెళ్ళి పిల్లని చీర కింద దాచుకుని తీసుకొచ్చింది. ఉయ్యాల చీర భుజం మీద ఉంది. చంకలో పిల్లతో దూలం ఆమెకి అందలేదు. ముడి విప్పినవాడు మాత్రం అక్కడే ఉన్నాడు, మా పెదనాన్న. నాయనమ్మ ఆయన వైపు చూసింది. ఆయన స్టూలు తెచ్చుకుని, గడియారం ముల్లు తిప్పిన ఆ స్టూలే, ఎక్కి ముడి వేశాడు. వదులుగా వేశాడు. ముడి వెయ్యడం కూడా సరిగ్గా రాదా నీకు అని నాయనమ్మ మళ్ళీ వేయించింది.

మాంచెస్టర్ ఆ పూటతో మూతపడింది. తరవాత మళ్ళీ ఎప్పటిలాగే పిండి, కబుర్లు. మా నాయనమ్మ యంత్రాలకి శత్రువేమీ కాదు. గ్రైండరు వచ్చిన రోజు దానికి బొట్టు పెట్టి, నా రెక్కలు కాపాడావు తల్లీ అని దండం పెట్టింది. పెదనాన్న పుస్తకాలు లైబ్రరీకి వెళ్ళిపోయాయి గానీ మనిషి మారాడని చెప్పను. పోయేదాకా లండన్లో అయితేనా అంటూనే ఉన్నాడు. కాకపోతే ఆ మాట నాయనమ్మ ఉన్న గదిలో అనేవాడు కాదు. ఆ చంటిది ఇప్పుడు మనవలున్న మనిషి. పెందుర్తి వైపు ఉంటుంది, కనబడితే అక్కా అని చెయ్యి పట్టుకుంటుంది.

బళ్ళో పారిశ్రామిక విప్లవం పాఠం వచ్చిన ప్రతి ఏడూ పుస్తకంలో లాభాలన్నీ ఒకదాని కింద ఒకటి వరసగా ఉండేవి. ఉత్పత్తి పెరిగెను, పట్టణములు వెలసెను, రైళ్ళు తిరిగెను. పిల్లల చేత బట్టీ పట్టించమనేవారు. పట్టించేదాన్ని, జీతం తీసుకుంటున్నాను కదా. తరవాత పుస్తకం మూయించి, ఉయ్యాల ఎక్కడ కట్టారో కనుక్కోండర్రా అనేదాన్ని. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఒకాయన, ఇది సిలబస్‌లో లేదే అన్నాడు. లేదనే చెబుతున్నానండీ అన్నాను.

మొన్న మా మనవడు రుషికొండ మీద వాళ్ళ కొత్త ఆఫీసు చూపించడానికి తీసుకెళ్ళాడు. అద్దాల గోడలు, ఆడుకోవడానికి బల్లలు, కాఫీ దానంతట అదే పోసే మిషను. సముద్రం వైపు ఒక్క కిటికీ తెరుచుకోదు. తలుపు తియ్యాలన్నా మెళ్ళో ఉన్న కార్డు చూపించాలి. ఎలా ఉంది నాయనమ్మా అని మురిసిపోతూ అడిగాడు. బాగానే ఉంది గానీ ఇక్కడ ఉయ్యాల ఎక్కడ కడతారురా అన్నాను. వాడూ వాడి స్నేహితులూ పగలబడి నవ్వారు.

పక్క సీట్లో ఉన్న అమ్మాయి నవ్వలేదు. నా వైపు కుర్చీ తిప్పి ఫోను చూపించింది. అందులో, ఇంట్లో పెట్టిన కెమెరా చూపిస్తున్న ఒక గది, ఒక మంచం, దాని మీద బోర్లా పడుకున్న పసివాడు. ఎవరు చూసుకుంటున్నారమ్మా అని అడిగాను.

"ఆయా ఉందండీ. ఆయాని నాను సూత్తన్నాను, నన్ను మా మేనేజరు సూత్తన్నాడు," అంది. అని, పసివాడు కదిలేదాకా ఆ ఫోను వైపే చూస్తూ ఉండిపోయింది. వాడు కాలు కదిపాక గానీ ఆమె పనిలోకి తిరగలేదు, నేను ఊపిరి వదల్లేదు.